సర్టిఫికెట్ కంటే ముందు ఫిజియో

"సదరం సర్టిఫికెట్ రానీ, అప్పుడు చూద్దాం." సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల ఇళ్లలో తరచూ వినపడే మాట ఇది. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చే సర్టిఫికెట్. పింఛను వరకు నిజమే. వైద్యం దగ్గర మాత్రం ఇంతకంటే చేటు చేసే మాట లేదు. మెడ నిలపడం నేర్పడానికి, బిగుసుకుపోతున్న కాళ్లను సాగదీయడానికి, మింగడం చేతకాని పసివాడికి ఎలా తినిపించాలో తల్లికి చూపించడానికి ఏ పర్సెంటేజీ అక్కర్లేదు. పలు జిల్లా ఆస్పత్రుల్లో డీఈఐసీ అనే సత్వర చికిత్సా కేంద్రం ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టినవి ఇవి. బిడ్డను ఎత్తుకుని నేరుగా అక్కడికి వెళ్లొచ్చు.

వెళ్లాలని చెప్పేవాళ్లేరీ? పుట్టగానే ఏడవలేదనో, నెలలు నిండలేదనో, పచ్చకామెర్లు ముదిరాయనో బిడ్డను బాక్సులో పెడతారు. ప్రాణం దక్కింది కదా అని ఇంటికి తెచ్చుకుంటారు. నాలుగో నెల దాటినా మెడ నిలవదు. ఒక చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించే ఉంటుంది. ఎత్తుకుంటే కాళ్లు కత్తెర పడతాయి. "వాళ్ల నాన్న కూడా రెండేళ్లకు గానీ నడవలేదు" అని నానమ్మ సర్దిచెబుతుంది. నూనె మర్దనలతో, మొక్కులతో ఏడాది గడిచిపోతుంది. ఈ జబ్బులో మెదడుకు తగిలిన దెబ్బ పెరగదు. పెరిగేది ఒళ్లు. ఎముక సాగుతుంటే బిగిసిన కండరం దాంతోపాటు సాగక కీళ్లను గుంజేస్తుంది. మొదటి రెండు మూడేళ్లు అంత విలువైనవి అందుకే. ఎంతో కొంత మలచుకునే శక్తి మెదడుకు ఎక్కువగా ఉండే కాలమూ అదే.

నా అభియోగం ఒక్కటే. సేవలు లేవని కాదు, వాటిని వెతికే పనంతా తల్లి నెత్తిన పడేశారని. డీఈఐసీ వైద్య ఆరోగ్య శాఖది. మండలంలో ఈ పిల్లల చదువు కోసం ఉండే భవిత కేంద్రం విద్యాశాఖది. బడికి రాలేని పిల్లవాడి ఇంటికే వెళ్లి చదువు చెప్పాల్సిన టీచర్లూ వాళ్లవాళ్లే. వీల్‌చైర్ వికలాంగుల సంక్షేమ శాఖ చూడాలి. పింఛను గ్రామీణాభివృద్ధి శాఖది. అది ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి నెలకు 6,000 రూపాయలైంది. తెలంగాణలో 2023లో 4,016కు పెరిగింది. సర్టిఫికెట్‌కు ముందు దరఖాస్తు, ఆ తర్వాత స్లాటు, ఆ తర్వాత శిబిరం. ఏ కౌంటరులోనూ పక్క కౌంటరు సంగతి చెప్పరు. పదేళ్ల పిల్లవాణ్ని చంకనేసుకుని బస్సెక్కే మనిషి ఇన్ని గుమ్మాలు తొక్కాలి. ఆ రోజు కూలి పోయినట్టే.

నిరామయ సంగతే చూడండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడిపే ఆరోగ్య బీమా ఇది. ఏడాదికి లక్ష రూపాయల దాకా రక్షణ. పుట్టుకతోనే ఉన్న జబ్బు కదా అని తోసిపుచ్చరు, ముందస్తు పరీక్షలు అడగరు. ఆస్పత్రిలో చేరకపోయినా మందులకు, ఫిజియోకి, స్పీచ్ థెరపీకి ఒక పరిమితి మేరకు డబ్బు వస్తుంది. దీనికి మాత్రం సర్టిఫికెట్ కావాలి. మామూలు బీమా ఏజెంటుకు ఇందులో కమీషన్ లేదు, మన ఊరికి వచ్చి చెప్పడు. పైగా ముందు జేబులోంచి పెట్టి, బిల్లులు పంపి, తర్వాత రాబట్టుకోవాలి. జేబులో ఉంటే బీమా ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఇంకోటి, చాలామందికి అసలు చెప్పనిది: నడవలేని పిల్లల్లో తుంటి కీలు మెల్లగా పక్కకు జరగవచ్చు. నొప్పి మొదలయ్యేదాకా తెలియదు. డాక్టరు చెప్పిన వ్యవధిలో ఎక్స్‌రే తీయిస్తుంటే ముందే పసిగట్టవచ్చు. ఫిజియోకి వెళ్లినప్పుడు ఈ ప్రశ్న మీరే వేయండి.

ఇప్పుడు ఈ దారులన్నీ నిజంగా చెబుతున్నదెవరంటే, ఫిజియో గది బయట బెంచీ మీద కూర్చున్న ఇంకో తల్లి. ఏ రోజు పెద్ద డాక్టరు వస్తాడో, ఏ కాగితం మరిచిపోతే వెనక్కి పంపిస్తారో ఆవిడ నోటికి చెబుతుంది. ఈ దేశంలో ఈ పిల్లల కోసం కదిలినవాళ్లలో ముందున్నదీ అమ్మలే. కూతురు మాలిని కోసం మిథు అలూర్ 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీ పెట్టారు. ఆ మాలినీ ఛిబ్ పెద్ద చదువులు చదివి, ఒక్క వేలితో టైపు చేసుకుంటూ తన కథ తానే రాసుకున్నారు. గొప్ప సంగతే. కానీ పాడేరు కొండ మీది తల్లిని సంస్థ పెట్టుకోమనలేం కదా.

చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. పసికందుల ఐసీయూ నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే కాగితం మీద నాలుగు వాక్యాలు తెలుగులో రాయాలి: ఈ బిడ్డ మెడ ఎప్పటికి నిలవాలి, నిలవకపోతే ఏ గదికి రావాలి, ఏ వారం, ఎవరిని అడగాలి. ఆశా కార్యకర్త మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు ఎలాగూ ఇంటికి రావాలి. అప్పుడే మెడ, చేతులు చూడటం నేర్పితే సరిపోతుంది. ఇక జిల్లాకు ఒకే మనిషి, ఒకే ఫోను నంబరు. అన్ని శాఖల కాగితాలూ తనవే అనుకునే మనిషి. ఖాళీగా ఉన్న థెరపిస్టు పోస్టుల సంగతి మాత్రం దీంతో తీరదు, అది బడ్జెట్‌లోనే తేలాలి.

పిల్లలు పెద్దవుతారనే సంగతి మన పథకాలు రాసేవాళ్లకు ఆలస్యంగా గుర్తొస్తుంది. 18 నిండాక చట్టం దృష్టిలో తల్లిదండ్రులు వాళ్లకంతట వాళ్లుగా సంరక్షకులు కారు. నిర్ణయాలు తీసుకోలేని స్థితిలో ఉన్నవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. చాలా ఇళ్లలో ఇది బ్యాంకు వాళ్లు ఖాతా ఆపాకే తెలుస్తుంది. అలాంటి ఇళ్లలో 18 నిండిన నెలలోనే దరఖాస్తు పెట్టుకోండి. అయితే మాట ముద్దగా వచ్చినా బుర్ర చక్కగా పనిచేసే సెరిబ్రల్ పాల్సీ యువతీయువకులు బోలెడంతమంది. వాళ్లకు సంరక్షకుడు అక్కర్లేదు. బ్యాంకులో అమ్మ వైపు తిరిగి అడిగే ప్రశ్నలు వాళ్లనే అడిగి, జవాబు వచ్చేదాకా మేనేజరు ఆగితే చాలు.