కడపటి ఓటు పడేదాకా లెక్క వద్దు

హైదరాబాదు పాతబస్తీలోని ఓల్డ్ మలక్‌పేట వార్డులో 2020 డిసెంబరు 1న నగరపాలక ఎన్నికల పోలింగు మొదలైన కాసేపటికే గొడవ బయలుదేరింది. సి.పి.ఐ. అభ్యర్థి పేరు ఎదుట కంకి కొడవలి ఉండవలసిన చోట సి.పి.ఎం. వారి గుర్తు అచ్చయింది. పోలింగు ఆపివేసి, 3వ తేదీన 69 కేంద్రాలలో మళ్లీ జరిపించారు. తప్పు అచ్చు వేయించిన వారిది, రెండోసారి వరుసలో నిలబడింది మాత్రం ఓటర్లు.

అయితే ఇందులో మెచ్చదగిన సంగతి ఒకటుంది. తక్కిన 149 వార్డులలో ఓటింగు 1వ తేదీనే ముగిసినా, ఇక్కడ రీపోలింగు పూర్తయ్యేదాకా ఎగ్జిట్ పోల్స్ ఎవరూ ప్రకటించరాదని రాష్ట్ర ఎన్నికల సంఘం ఆంక్ష పెట్టింది. ఓట్లు లెక్కించింది 4న. ఒక్క వార్డు ఓటరు మనసు చెదరకూడదని నగరమంతటికీ నోరు కట్టారన్నమాట.

పార్లమెంటు, శాసనసభల ఎన్నికలకు ఇది 2010 నుండి చట్టమే. 2024లో హైదరాబాదు లోక్‌సభ స్థానానికి మే 13న పోలింగు జరిగింది. దేశంలో కడపటి విడత జూన్ 1న ముగిశాకనే, జూన్ 4న లెక్కింపు చేపట్టారు. రెండు గంటలకోసారి చెప్పే పోలింగు శాతం సంగతి వేరు. అది ఎందరు వేశారో చెబుతుంది గాని ఎవరికి వేశారో చెప్పదు.

మరి మన గ్రామాల మాటేమిటి? తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు 2019 జనవరి 21, 25, 30 తేదీలలోను, 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలోను మూడేసి విడతలుగా జరిగాయి. పొద్దున ఓటు, మధ్యాహ్నం నుండి లెక్కింపు, ఆ రాత్రికే సర్పంచి మెడలో దండ. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులు లేవు. అయినా ఏ పార్టీ బలపరచిన వారు ఎందరు గెలిచారో తెల్లవారేసరికి పట్టికలు వచ్చేస్తాయి. పత్రికలూ వేస్తాయి. ఆ పట్టిక చేతపట్టుకుని తరువాతి విడత ఊళ్లలో తిరుగుతారు. పక్క మండలమంతా మావాళ్లే, మీ ఒక్క ఊరు ఎదురు నిలిస్తే రోడ్డు ఎవరు వేస్తారని అడుగుతారు. అప్పుడు ఓటరు అభ్యర్థి మంచిచెడ్డలు చూడడం మాని గాలి ఎటు ఉందో చూస్తాడు. అది అతని తెలివితక్కువ కాదు, ఊరికి నిధులు రావేమోనన్న భయం.

ఒక ఊరి సర్పంచికీ ఇంకొక ఊరి సర్పంచికీ సంబంధం లేదనీ, పెట్టెలు దాచితే కాపలా ఖర్చూ అనుమానాలూ పెరుగుతాయనీ అధికారులు అనవచ్చు. కొంత నిజమే. కాని 2019లోనే ఎం.పి.టి.సి., జడ్.పి.టి.సి. ఎన్నికలు మే 6, 10, 14 తేదీలలో జరిపి, జూన్ 4న గాని లెక్కించలేదు. అప్పుడు దొరికిన గదులూ, తాళాలూ, పోలీసులూ వారం పది రోజులకు దొరకరా?

అంతగా వీలుకాదంటే, ఏ ఊరి ఫలితం ఆ ఊళ్లోనే చెప్పి, పార్టీలవారీ పట్టికలను చివరి విడత ముగిసేదాకా నిలిపినా చాలు. పాతబస్తీలో ఒక్క వార్డు కోసం ఇచ్చిన ఉత్తర్వు వంటిది, వచ్చే పంచాయతీ ఎన్నికల నోటిఫికేషనుతో పాటే రావాలి.