ఏడాది బ్రతికితే బ్రతికినట్టేనా?



అమెరికాలో స్థిరపడిన మన బిడ్డలు కొందరు ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి, అందులో ప్రాణమున్న పగడాలను పెంచుతున్నారు. ఫోటోలు పంపుతున్నారు, చూసి మనమందరం సంతోషిస్తున్నాము. ఆ పగడాల్లో అందరి కళ్ళూ ఆగేది గోనియోపోరా దగ్గర. దాని గురించే ఈ నాలుగు మాటలు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. గోనియోపోరాను కొనడానికి డబ్బుంటే చాలదు. ఏడాదిపాటు తొట్టెలో నీటిని ఒకే తీరున నిలిపి చూపించినవాళ్ళే దాన్ని ఇంటికి తెచ్చుకోవాలి. అది కుదరనివాళ్ళు ఫోటోలో చూసి సంతోషించడమే మేలు.

పగడం అనగానే మనకు ఉంగరంలో పొదిగే ఎర్ర పగడమే గుర్తొస్తుంది. యోబు గ్రంథంలో జ్ఞానం విలువ చెప్పేచోట ముత్యాలతోపాటు పగడాల మాట రావడం మీకు తెలిసిందే. అయితే పగడం రాయి కాదు, మొక్క కూడా కాదు, అది జంతువు. చిన్న చిన్న ప్రాణులు వందలుగా అంటుకుని, సున్నంతో గూడు కట్టుకుని, ఒకే గుంపుగా బ్రతుకుతాయి. గోనియోపోరాలో ఒక్కొక్క ప్రాణి పొడవాటి కాడలా బయటికి సాగి, చివర 24 చిన్న చేతులను రేకుల్లా విప్పుతుంది. నీరు కదిలినప్పుడు అవన్నీ కలిసి ఊగుతుంటే నీళ్ళలో పూలకుండీ పెట్టినట్టు ఉంటుంది. ఇంగ్లీషులో దాన్ని ఫ్లవర్‌పాట్ అనడం అందుకే.

ఇంత అందమైనదానికి చాలాకాలం చెడ్డపేరే ఉండేది. తెచ్చిన కొత్తలో నిండుగా విప్పుకునేది. ఇంటివాళ్ళు సంబరపడేవారు. కొన్ని నెలల తర్వాత కాడలు కాస్త పొట్టిగా సాగేవి. ఇంకొన్నాళ్ళకు సగమే విప్పుకునేది. ఆ తర్వాత అంచున కండ వెనక్కి తగ్గి తెల్లని సున్నం బయటపడేది. ఏడాది తిరిగేసరికి చాలా ఇళ్ళలో తెల్లని గుల్ల మాత్రమే మిగిలేది. "ఏడాది బ్రతికిందిగా" అనుకుని ఇంకొకటి తెచ్చేవారు. మేము అభ్యంతరపడేది ఈ మాటకే. ఆ ఏడాది అది బ్రతకలేదు, ఒంట్లో దాచుకున్నది ఖర్చుపెడుతూ మెల్లగా చచ్చిపోయింది.

ఎందుకలా అయ్యేది? పగడం ఒంటి లోపల కంటికి కనిపించని పాచి ఉంటుంది. అది వెలుగుతో ఆహారం తయారుచేసి పగడానికి పంచుతుంది. దీపం బాగుంటే చాలు, మేత అక్కరలేదని చాలామంది నమ్మారు. పైగా నీరు అద్దంలా ఉండాలని రాత్రింబవళ్ళు వడకట్టారు. సముద్రంలో గోనియోపోరాకు అందే సన్నని ఆహారపు రేణువులు ఆ వడపోతలోనే పోయేవి. చూసేవాళ్ళ కంటికి నీరు శుభ్రంగా ఉంది, తొట్టెలో ఉన్నదానికి అన్నం లేదు. కొన్నిటికి దారిలోనే దెబ్బ తగిలేది. ముడుచుకున్నప్పుడు మెత్తని కండ పదునైన సున్నపు అంచుకు తగిలి చీరుకునేది, ఆ గాయం దగ్గర కుళ్ళు మొదలయ్యేది.

రొయ్యల చెరువులు చేసే మన సంఘస్థులకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. సెలైనిటీ, పీహెచ్, ఆల్కలినిటీ మీకు రోజూ నోట్లో నానే మాటలే. పగడపు తొట్టెలో ఉప్పు వెయ్యికి 35 పాళ్ళు, వేడి 25, 26 డిగ్రీలు, ఆల్కలినిటీ సుమారు 140 నుంచి 160 పీపీఎం, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం ఉండాలి. అంకె అందుకోవడం కష్టం కాదు, దాన్ని అక్కడే నిలపడం కష్టం. ఎకరం చెరువులో నీరు మారడానికి సమయం పడుతుంది. రెండు వందల లీటర్ల తొట్టెలో నీరు ఆవిరైతే ఉప్పు వెనకే మిగిలిపోతుంది, రెండు రోజులు మంచినీళ్ళు పోయడం మరిచిపోతే చాలు తేడా వచ్చేస్తుంది. ఇంకొక తేడా కూడా ఉంది. చెరువులో తప్పు జరిగితే తెల్లారేసరికి చెక్ ట్రేలో తెలిసిపోతుంది. గోనియోపోరా విషయంలో ఈ నెల జరిగిన లోటు ఎన్నో నెలల తర్వాత గాని కంటికి కనబడదు. అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు దీన్ని ఏళ్ళ తరబడి పెంచుతున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళు చేసేది గొప్ప రహస్యమేమీ కాదు. నీటిని మరీ ఒట్టిపోనివ్వరు, కొంచెం నైట్రేటు, కొంచెం ఫాస్ఫేటు ఉండనిస్తారు. వారంలో కొన్నిసార్లు పంపు కాసేపు ఆపి సన్నని మేత వేస్తారు. మాంగనీసు, ఇనుము లాంటివి అతి కొద్దిగా అందిస్తారు. మరీ తీవ్రమైన వెలుగులో, ఎదురుగా కొట్టే ధారలో పెట్టరు. సముద్రం నుంచి విరిచి తెచ్చిన పెద్ద గుంపును కాక, తొట్టెలోనే పెరిగిన తల్లి నుంచి తీసిన చిన్న ముక్కను తెచ్చుకుంటారు. అన్నిటికంటే ముఖ్యంగా, అన్నీ పుస్తకంలో రాసుకుంటారు.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయంగానే వస్తుంది. ముందు కొన్నవాళ్ళు పోగొట్టుకోకపోతే ఈరోజు ఈ పెంపకం తెలిసేదా? నిజమే, తెలిసేది కాదు. అయితే నేర్పినవాళ్ళు ఎవరు? ఒకటి చనిపోతే ఆగి, ఎందుకు చనిపోయిందో వెతికి, మార్చి చూసినవాళ్ళు. చనిపోయినదాని చోట మరుసటి వారమే ఇంకొకటి పెట్టినవాళ్ళ వలన ఎవరికీ ఏమీ తెలియలేదు. వాళ్ళు కొన్నవన్నీ లెక్కలోకి రాకుండానే పోయాయి. పోగొట్టుకోవడాన్ని మేము తప్పు అనడం లేదు. అడగకుండా మళ్ళీ కొనడాన్నే తప్పు అంటున్నాము.

ఫోటోలు చూసి ముచ్చటపడిన ఇక్కడి యౌవనస్థులకు ఒక మాట. మన్నార్ సింధుశాఖలోనూ గోనియోపోరా జాతులు ఉన్నాయి. వాటి మీద ఆశపడవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో రాతి పగడాలను చేర్చారు. మన సముద్రంలోని పగడాన్ని తీయడం, అమ్మడం, కొనడం నేరం. దొంగచాటుగా ఎవరైనా తెచ్చిస్తామన్నా వద్దనండి. ప్రపంచంలో ఎక్కడైనా రాతి పగడాలను దేశం దాటించాలంటే సైటిస్ ఒప్పందం ప్రకారం అనుమతి పత్రం కావాలి. కాబట్టి అమెరికాలో ఉన్న మన బిడ్డలు కూడా దుకాణంలో రంగు చూసే ముందు ఒక ప్రశ్న అడగాలి: ఇది సముద్రం నుంచి వచ్చిందా, తొట్టెలో పెరిగిందా?

ప్రియులారా, ఏదెను తోటను మనిషికి అప్పగించింది చూసి మురిసిపోవడానికి మాత్రమే కాదు, కాయడానికి కూడా అని మనమెరుగుదుము. ఒక ప్రాణిని ఇంటికి తెచ్చుకున్నాక దాని సముద్రం మనమే. దానికి గొంతు లేదు, అరవదు, పారిపోదు. అడగగలిగింది ఒక్కటే, నిన్నటికంటే కాస్త పొట్టిగా సాగడం. ఆ కాస్త తేడాను రోజూ ఆగి చూసే తీరిక ఉంటేనే తెచ్చుకోండి. లేదంటే ఆ తొట్టెలో ఇంకా సులువుగా బ్రతికేవి ఎన్నో ఉన్నాయి, వాటితో మొదలుపెట్టండి.