నీటిచుక్క వదిలి వెళ్ళే రాయి

పిల్లలూ, ఈ నెల వచ్చిన ప్రశ్నలలో ఒకటి ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి రాసింది. వాళ్ళ నాన్న అప్పు చేసి కారు కొని, దాన్ని కిరాయికి తిప్పుతున్నాడట. కారు నల్లది. ఆదివారం ఆదివారం దాన్ని కడిగే పని ఈ అమ్మాయిదీ, తమ్ముడిదీ. "సబ్బుతో ఎంత బాగా కడిగినా, ఎండిన తరవాత కారు నిండా తెల్ల చుక్కలు కనపడుతున్నాయి. మేము సరిగా కడగలేదని నాన్న కోప్పడుతున్నాడు. గుడ్డతో గట్టిగా రుద్దితే చుక్కలు పోకపోగా, సన్న గీతలు పడ్డాయి. తప్పు ఎవరిది?" అని అడిగింది.

అమ్మాయీ, ఆ చుక్కలు నువ్వు వదిలేసిన మురికి కాదు. మీ బోరునీళ్ళు వదిలేసిన రాయి. ఈ ముక్క మీ నాన్నకు కూడా చదివి వినిపించు.

నీళ్ళలో రాయి ఎక్కడిదంటారా? వానచుక్క నేలలోకి ఇంకేటప్పుడు బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డై ఆక్సైడును, తనలో కలుపుకుంటుంది. దానితో అది కాస్త పులుపెక్కుతుంది. ఆ పుల్లనీటికి దారిలో సున్నపురాయి తగిలితే దాన్ని కొంచెం కొంచెంగా కరిగించి వెంట తీసుకుపోతుంది. కంటికి మాత్రం నీళ్ళు తేటగానే ఉంటాయి. పప్పు ఒక పట్టాన ఉడకనప్పుడు మీ అమ్మకూ, సబ్బు నురగ కట్టనప్పుడు మీకూ దాని సంగతి తెలుస్తుంది. ఇటువంటి నీటినే కఠినజలం అంటారు.

ఆ నీరు ఎండినప్పుడు తడీ, వాయువూ గాలిలోకి పోతాయి. సున్నపురాయి ఎగరలేదు గదా! మళ్ళీ రాయిగా మారి అక్కడే కూర్చుంటుంది. అరకు దగ్గర బొర్రా గుహలు చూసినవాళ్ళకు పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు గుర్తుండే ఉంటాయి. అవి కూడా చుక్క చుక్కగా జారిన నీళ్ళు వేల ఏళ్ళపాటు వదిలిపెట్టిన రాయే. ఒకసారి రాయిగా మారిన తరవాత అది ఉత్త నీళ్ళకు లొంగదు. అంచేతనే మీరు మళ్ళీ మళ్ళీ కడిగినా చుక్కలు పోలేదు. పైగా ప్రతి కడుగుడుకూ కొత్త చుక్కలు వచ్చి చేరాయి.

ఎంత రాయి ఉంటుందో లెక్క వేద్దాం. తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించరాదనీ, వేరే నీరు దొరకనిచోట 2000 దాకా ఒప్పుకోవచ్చుననీ మన దేశపు ప్రమాణం. కడిగిన తరవాత కారు మీద అరలీటరు నీళ్ళు నిలిచాయనుకోండి. మొదటి లెక్కన పావు గ్రాము, రెండో లెక్కన ఒక గ్రాము మిగులుతుంది. గ్రాము తెల్లపిండిని నల్లకారు మీద వందలాది చుక్కలుగా పంచిపెడితే కనపడకుండా ఉంటుందా? తెల్లకారు వాళ్ళకు కూడా ఇన్ని చుక్కలూ ఉంటాయి, కాని వాళ్ళ పిల్లలకు తిట్లు తప్పుతాయి!

నమ్మకం లేకపోతే ఒక అద్దం మీద మూడు చుక్కలు విడివిడిగా వెయ్యండి. ఒకటి బోరునీరు, ఒకటి వాననీరు, మూడోది ఏసీ గొట్టం నుంచి కారే నీరు. ముట్టుకోకుండా ఆరనివ్వండి. బోరునీటి చుక్క దగ్గర తెల్లని గుండ్రని మచ్చ తేలుతుంది. సాధారణంగా దాని అంచు నడిమిభాగం కన్నా చిక్కగా ఉంటుంది. కాఫీ ఒలికి ఎండినప్పుడు అంచు నల్లబడటం మీరు చూసే ఉంటారు. చుక్క అంచు ఉన్నచోటనే పట్టుకుని ఉంటుంది, అక్కడ తడి త్వరగా ఆరుతుంది, ఆ లోటు తీర్చడానికి నడిమి నీరు అంచుకు పారుతూ తనలోని నలుసులను అక్కడికి చేరుస్తుంది. రోజూ చూసే ఈ సంగతికి చికాగో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఇట్లా కారణం చెప్పినది 1997లో!

నీటిచుక్కలు భూతద్దాలలాగా పనిచేసి రంగును కాలుస్తాయని కొందరు చెబుతారు. చుక్క రంగుకు అంటుకునే ఉంటుంది గనక వెలుగు ఒకచోట కూడే లోపలే రంగు అడ్డు వస్తుంది. ఎండ చేసే చేటు వేరు. మీరు గుడ్డ అందుకునే లోపల అది నీళ్ళను ఆర్పేసి, రాయిని రంగుకు గట్టిగా పట్టిస్తుంది. అంచేత కారును పొద్దున్నే గాని, సాయంత్రం గాని, నీడలో, బానెట్టు చల్లబడిన తరవాత కడగాలి.

ఇక ఆరబెట్టటం. చివరిసారి నీళ్ళు పోసేటప్పుడు గొట్టం మూతిని వేలితో నొక్కి చిమ్మకండి. చిమ్మితే వేలకొద్దీ చుక్కలు నిలుస్తాయి. గొట్టాన్ని పైకప్పుకు దగ్గరగా పట్టి నీటిని మెల్లగా పారనివ్వండి. నీటికి నీరంటే ప్రీతి. పారే నీరు చుక్కలను తనలో కలుపుకుని పలచని దుప్పటిలాగా జారిపోతుంది. ఫిల్టరు నుంచి వృథాగా పోయే నీళ్ళు పట్టి కారు కడగటం మంచి పొదుపే. కాని తాగే నీటిలో నుంచి తీసేసిన ఉప్పులన్నీ వాటిలోనే ఉంటాయి. వాటిని మొదట మట్టి వదిలించడానికి వాడుకుని, ఆఖరు చెంబులకు ఏసీ నీళ్ళో, వాననీళ్ళో పోయండి.

తరవాత మందపాటి మైక్రోఫైబర్ గుడ్డ తీసుకుని, తడి మీద పరచి, అరచేతితో అద్ది ఎత్తండి. లేదా రెండు కొసలూ పట్టుకుని మెల్లగా లాగండి. రుద్దవద్దు. ముందు పైకప్పు, తరవాత అద్దాలు, బానెట్టు, తలుపులు, అన్నిటికన్నా చివర చక్రాల వైపు. ఇసుక ఎక్కువగా ఉండేది కిందనే గనక ఈ వరస తప్పకూడదు. చక్రాల గుడ్డ చక్రాలకే!

గీతలు గీసేది గుడ్డ కాదు, గుడ్డ కింద దాక్కున్న ఇసుక. ఇసుకరేణువు చాలావరకు స్ఫటికం. అది గాజును కూడా గీయగలదు. కారు రంగు మీద ఉండే మెరుపు పొర మామూలుగా 40, 50 మైక్రాన్లు, సాధారణంగా మీ తలవెంట్రుక మందమైనా ఉండదు. కింద పడిన గుడ్డను దులిపి మళ్ళీ వాడవద్దు. పొద్దున్నే దుమ్ముకారును పొడిగుడ్డతో తుడిచే అలవాటు మన ఊళ్ళలో చాలామందికి ఉన్నది. నన్నడిగితే కారుకు అంతకు మించిన శత్రువు లేదు.

ఆ గీతలు దీపం వెలుగులో దీపం చుట్టూ సాలెగూడులాగా కనపడతాయి. నిజానికి అవి అన్ని వైపులకూ ఉంటాయి. దీపం వెలుగును మన కంటికి తిప్పగలిగినవే మెరుస్తాయి. పాత స్టీలు కంచాన్ని దీపం కింద పెట్టి తలను అటూ ఇటూ కదపండి, చక్రాలు కూడా మీతో కదులుతాయి.

ఇప్పటికే పడిన చుక్కల సంగతి అడగలేదు గాని, చెబుతాను. వినిగరులో అంతే నీళ్ళు కలిపి, గుడ్డ తడిపి, చల్లగా ఉన్న రంగు మీద ఒక్క నిమిషం ఆనించి, వెంటనే మంచినీళ్ళతో కడిగి అద్దెయ్యాలి. ముందు కనపడని మూల ఒకచోట మీ నాన్నే చేసి చూడాలి. సున్నపు మచ్చ అయితే కరుగుతుంది. కొత్త గీతలు పైపైనే ఉంటే పాలిష్ పట్టేవాళ్ళు తీయగలరు. గోరు తగిలేటంత లోతైనవి పోవు. అన్నీ అయినాక తలుపులు తెరిచి అంచులు తుడవండి, పక్క అద్దాల సందులలో దాగిన నీరు బండి కదలగానే బయటికి జారి మళ్ళీ చుక్కలు పెడుతుంది.