ఆ పది నిమిషాల కోసం

మా అమ్మాయి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కి వెబ్ ఆప్షన్లు పెట్టుకుంటోంది. ఏ కాలేజీ ముందు, ఏ బ్రాంచి తర్వాత అని మూడు రోజులు కొట్టివేతలతో నోట్‌బుక్‌లో తయారుచేసుకున్న వరస అది. నేను పక్కన కూర్చుని కోడ్‌లు చదువుతుంటే అది నంబర్లు కొడుతోంది. డెబ్బై దాకా వచ్చాం. ఫ్యాను ఒక్క క్షణం మందగించి మళ్లీ తిరిగింది. కంప్యూటర్ మాత్రం నల్లబడిపోయింది. అయిదు నిమిషాల్లో కరెంటు వచ్చింది. చూస్తే ఎప్పుడో మొదట్లో సేవ్ చేసిన పన్నెండే మిగిలాయి. గడువు ఇంకో రోజు ఉంది కాబట్టి బతికిపోయాం. కానీ ఆ రాత్రి పిల్ల ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లోనే ఉంది.

"ఇన్వర్టర్ ఉందిగా!" అన్నారు మావారు ఫోన్లో. ఉంది. ఫ్యాన్లకీ లైట్లకీ ఉంది. కంప్యూటర్ ప్లగ్గుని ఇన్వర్టర్ లైన్లో కలపలేదని ఆయనకి ఆ రోజే తెలిసింది. నాకు ముందే తెలుసు, ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజు ఇంట్లో ఉన్నది నేనే కదా. కలిపినా సరిపోతుందని లేదు. కరెంటు పోయాక ఇన్వర్టర్ అందుకునే ఆ కాస్త వ్యవధిని ఫ్యాను ఓర్చుకుంటుంది, కంప్యూటర్ ఓర్చుకోదు. చాలా ఇన్వర్టర్లకి వెనకవైపు యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది వేస్తే త్వరగా అందుకుంటుంది. మీ ఇంట్లో ఉందేమో ఒకసారి వంగి చూడండి.

మర్నాడు షాపుకి పదో తరగతి చదివే మా అబ్బాయిని తోడు తీసుకెళ్లాను. ప్రశ్న నేను అడుగుతుంటే జవాబు వాడికి చెప్తున్నాడు షాపతను! "ఇది ఎన్ని వాట్లు లాగుతుంది?" అని రెండుసార్లు అడిగితే, "థౌజండ్ వీఏ తీసుకోండి మేడమ్, టెన్షన్ ఉండదు" అన్నాడు. టెన్షన్ ఎవరికి ఉండదో మరి.

వీఏ అన్నది సంతలో పనసకాయ తూకం లాంటిది. వాట్లు అంటే ఒలిచాక చేతికొచ్చే తొనలు. పెట్టె మీద 600 వీఏ అని పెద్దక్షరాలతో ఉంటుంది, మూల చిన్నక్షరాలతో 360 వాట్లు అని ఉంటుంది. మనం చూడాల్సింది ఆ చిన్నక్షరాలే. మాది మామూలు కంప్యూటర్, ఎల్ఈడీ మానిటర్. రెండూ కలిపి 150 వాట్లు దాటవు. పిల్లలు గేములాడే పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ల లెక్క వేరు, వాళ్లు నిజంగానే పెద్దది కొనుక్కోవాలి.

మరి ఎంతసేపు ఆగుతుంది? లోపల ఉండేది సాధారణంగా 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ. హెచ్చవేస్తే 84. కాగితం మీద 150 వాట్లకి అరగంట రావాలి. రాదు. గబగబా లాగేస్తే బ్యాటరీ అంత ఇవ్వలేదు, పది పదిహేను నిమిషాలు వస్తే గొప్ప. ఇక్కడే మా ఇంట్లో వాదన. "పది నిమిషాలకి డబ్బులు దండగ, రెండు గంటలు వచ్చేది కొందాం" అంటారు మావారు. పది నిమిషాలు సినిమా చూడ్డానికి కాదండీ, సేవ్ చేసి, సరిగ్గా మూసి, లేవడానికి. రెండు గంటల పని కావాలంటే లాప్‌టాప్ కొనాలి. మా తగువు తేలలేదు గానీ 600దే కొన్నాం.

ఇంటికొచ్చాక ఇంకో సంగతి బోధపడింది. కంప్యూటర్ వెలుగుతూనే ఉంది, నెట్ పోయింది! వైఫై డబ్బా ప్లగ్గు గోడకే ఉండిపోయింది. ఆప్షన్లు సేవ్ కావాలంటే నెట్ ఉండాలి కదా. దాన్నీ యూపీఎస్‌కే పెట్టాం, అది తినేది చాలా తక్కువ. లేజర్ ప్రింటర్ మాత్రం పెట్టకండి, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగేస్తుంది. కొన్ని యూపీఎస్‌లలో ఒకటి రెండు సాకెట్లకి బ్యాటరీ ఉండదు, అదీ చూసుకోండి.

నాకు ఒళ్లు మండేది ఇంకోటుంది. కొనేరోజు ఇంటిల్లిపాదికీ ఉత్సాహమే, తర్వాత దాని మొహం చూసే నాథుడుండడు. ఆ బ్యాటరీ రెండు మూడేళ్లలో చడీచప్పుడు లేకుండా చచ్చిపోతుంది. తెలిసేది మళ్లీ కరెంటు పోయిన రోజే. అందుకే గ్యాస్ సిలిండర్ మార్చిన తేదీ క్యాలెండర్ మీద రాసుకున్నట్టే, బ్యాటరీ వేసిన తేదీ దాని వీపు మీద స్కెచ్‌పెన్నుతో రాశాను. రెండు మూడు నెలలకోసారి, ఏ పనీ తెరిచి లేనప్పుడు, గోడ స్విచ్ కట్టేసి ఎన్ని నిమిషాలు ఆగుతుందో చూస్తాను. మొదటిసారి పద్నాలుగు. మొన్న పదకొండు. మూడుకి దిగితే కొత్త బ్యాటరీ వేయించాలి, పాతది ఆ షాపుకే ఇచ్చేయాలి. సీసం ఉంటుంది, చెత్తబండిలో వేయకూడదు.

కరెంటు పోతే అది కీచుమంటుంది. మొదట్లో మా అత్తయ్యగారు గ్యాస్ లీకైందేమోనని కంగారుపడి వంటింట్లోకి పరిగెత్తారు. ఇప్పుడు మంచం మీద నుంచే కేకేస్తున్నారు, "ఒసే, అది అరుస్తోంది, నీ చదువు దాచుకో!" అని.