ఫలితాలొచ్చాక సదస్సు ఎవరికోసం?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోపే నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా ఏదో ఒక ఫంక్షన్ హాల్లో కెరీర్ గైడెన్స్ అవగాహన సదస్సు జరుగుతుంది. వేదిక మీద పెద్దలు, వాళ్ల వెనక ఫ్లెక్సీ. పెద్ద కలలు కనమని ఒకరు, ఇష్టమైన కోర్సే చదవమని మరొకరు చెబుతారు. చివర్లో బాణం గుర్తులు గీసిన చార్టొకటి చేతిలో పెట్టి పంపేస్తారు. ఏం చదవాలో పిల్లవాడింకా తేల్చుకోలేదంటే అదో జబ్బు అన్నట్టూ, ఒక పూట ఉపన్యాసంతో అది కుదురుతుందన్నట్టూ ఉంటుంది ఈ తంతు. పదిహేనేళ్ల వయసులో ఏమీ తేల్చుకోకపోవడంలో వింతేముంది? పది రోజుల్లో మనమే వాడి తరఫున తేల్చేసి, ఏడాది తిరక్కుండానే వాడికి ‘ఫెయిల్’ అని పేరు పెట్టడమే వింత. ఇలా ఎంతమందికి పేరు పెడుతున్నామో ఇంటర్ బోర్డే ఏటా లెక్కగట్టి చెబుతోంది. ఆ లెక్క ఏ సదస్సు వేదిక మీదా వినిపించదు.

2023లో తెలంగాణలో పదో తరగతి రెగ్యులర్ విద్యార్థుల్లో 86.60 శాతం పాసయ్యారని సంబరపడ్డాం. ఆ పిల్లలే మరుసటి ఏడు ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలకు కూర్చున్నారు. 2024లో ఆ పరీక్ష రాసిన 4,78,723 మందిలో గట్టెక్కింది 2,87,261 మంది, అంటే 60.01 శాతం. తప్పినవాళ్లు లక్షా తొంభై ఒక్క వేల పైచిలుకు. వీళ్లలో పది తప్పినవాడు ఒక్కడూ లేడు, పది పాసైతేనే కదా ఇంటర్‌లో సీటు. ఏడాది కిందట ‘పాస్’ అనిపించుకుని మిఠాయి పంచిన ఇళ్లలో నూటికి నలభై ఇళ్లు మరుసటి ఏప్రిల్‌లో మౌనంగా ఉన్నాయన్నమాట. 2025లో పాస్ శాతం 66 దాకా పెరిగిందని అధికారులు గుర్తుచేయవచ్చు. అప్పటికీ ముగ్గురిలో ఒకరు తప్పినట్టే. ఆ ఏడాది పదిలో పాసైనవాళ్లు 92.78 శాతం. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న గోతి గురించి మాట్లాడకుండా మిగతావన్నీ మాట్లాడుకుంటున్నాం.

ఇది బోధన లోపం, దారి ఎంచుకోవడంతో దీనికేం సంబంధం అనేవాళ్లున్నారు. బోధన లోపమూ ఉంది, కాదనను. లెక్చరర్ల ఖాళీలు, పదిలో ఉదారంగా పడే మార్కులు, హఠాత్తుగా బరువెక్కే సిలబస్ అన్నీ నిజాలే. సప్లిమెంటరీలో చాలామంది ఒడ్డున పడతారన్నదీ నిజమే. కానీ లెక్కలంటే బెదిరే పిల్లవాడు ఎంపీసీలో ఎందుకు కూర్చున్నాడన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. ఊరి దాకా బస్సు పంపే కాలేజీలో ఉన్నవి ఎంపీసీ, బైపీసీలే అయితే వాడు కూర్చునేది ఆ రెంటిలో ఒకదానిలోనే. అది వాడి ఎంపిక అనడం మనల్ని మనం మోసం చేసుకోవడం. ఎంత మంచి లెక్చరరైనా ఇష్టం లేకుండా వచ్చి కూర్చున్న బెంచీకి ఏం చెప్పగలడు?

సదస్సు జరిగే వేళ మరీ విడ్డూరం. 2025లో పది ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి. పాలిటెక్నిక్‌లో చేరడానికి రాయాల్సిన పాలిసెట్‌కు దరఖాస్తు గడువు అప్పటికే ముగిసింది, పరీక్ష మే 13న. అంటే ఫలితాల తర్వాత సదస్సుకు వెళ్లి, డిప్లొమా అనే దారి ఒకటుందని మొదటిసారి విన్న పిల్లవాడికి ఆ దారి అప్పటికే మూసుకుపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కంపాసాగర్‌లో, పాలెంలో వ్యవసాయ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. వాటిలోకి దారి కూడా పాలిసెట్టే. మిర్యాలగూడ వరి చేల మధ్యా, నాగర్‌కర్నూల్ చెలకల మధ్యా పెరిగిన పిల్లల్లో ఈ సంగతి ఫిబ్రవరిలోనే చెవిన పడ్డవాళ్లు ఎందరు?

ఇక ఏం చదవాలో ఇంట్లో అడగమంటారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. నేటి పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల తరం అది. ముంబయి, పుణెలకు వలసపోయి రోడ్లు వేసిన తండ్రికి కొడుకు మీద ప్రేమ తక్కువేం కాదు, తెలియనిది నిబంధనలే. అవేమో చదువుకున్నవాళ్లకే అంతుపట్టవు. వొకేషనల్ ఇంటర్ చదివినవాడు బ్రిడ్జి కోర్సు రాస్తే ఇంజినీరింగ్ వైపు వెళ్లవచ్చు. డిప్లొమా ముగించినవాడు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడులో చేరవచ్చు. ఐటీఐ చదివినవాడికీ పాలిటెక్నిక్ రెండో ఏడులోకి ప్రవేశ పరీక్ష ఉంది. అయిదేళ్ల లా కోర్సుకు ఏ గ్రూపైనా ఫరవాలేదు. ఇన్ని పక్కదారులు పెట్టినవాళ్లే వాటికి ఒక్క సూచిక బోర్డూ నాటలేదు. ‘ఇష్టమైనది చదువు’ అనేవాళ్లకు ఒక మాట: చూసినదాని మీదే ఇష్టం పుడుతుంది. చందంపేట తండాలో పిల్లకు కనిపించే ఉద్యోగాలు టీచరమ్మ, నర్సమ్మ, కానిస్టేబులు. ఆ మూడింటి అవతల ఏముందో చూపకుండా ఇష్టం సంగతి అడగడం పరాచికం. ఆమెకు తేల్చుకునే గడువూ తక్కువే, మొదటి ఏడు తప్పిందా, పెళ్లి మాట మొదలవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల మహిళల్లో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. ఇంటర్ తప్పిన ఆ నూటికి నలభైలో ఉన్న ఆడపిల్లకు సప్లిమెంటరీ రాయడం ఒక్కటే సమస్య కాదు.

దారి చెప్పే మనిషి లేకుండా ప్రభుత్వం ఖాళీగా వదిలిన చోటును ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు నింపుతున్నారు. సంక్రాంతి దాటకముందే పదో తరగతి పిల్లల ఫోన్ నంబర్లు వాళ్ల దగ్గరుంటాయి, అవి ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ అడగరు. ఇంటికొచ్చి, చాప మీద కూర్చుని, తల్లిదండ్రులతో గంటసేపు ఓపికగా మాట్లాడతారు. ముందస్తు అడ్మిషన్లు చెల్లవని ఇంటర్ బోర్డు ఏటా ప్రకటన ఇస్తుంది, ఏటా అవి జరుగుతూనే ఉంటాయి. నిజం చెప్పాలంటే ఈ జిల్లాల్లో ఇల్లిల్లూ తిరిగి కెరీర్ గైడెన్స్ ఇస్తున్నది ఆ పీఆర్వో ఒక్కడే. చిక్కల్లా ఒకటే, అతను సలహా ఇచ్చేది సీటు అమ్ముకోవడానికి. టీచర్లే చెప్పొచ్చుగా అంటారు. ఎనిమిది పీరియడ్లు, ఆన్‌లైన్ నివేదికలు, ఎన్నికల విధులు అయ్యాక కాస్త సమయం మిగిలినా, పాలిసెట్ నుంచి లాసెట్ దాకా ఏటా మారే నిబంధనలు ఒంటపట్టించుకోమనడం ఏం న్యాయం? పోర్టల్ పెడతాం, యాప్ తెస్తాం అనేవాళ్లకు వేరే జవాబు అక్కర్లేదు. సమాచారం ఫోన్లో దొరకని కాలం కాదిది. ఇన్ని యాప్‌లున్న 2024లోనే నూటికి నలభై మంది తప్పారు.

దీనికి కొత్త కమిటీ వేయనక్కర్లేదు. 1966లోనే కొఠారి కమిషన్ చెప్పింది: కనీసం ప్రతి పది ఉన్నత పాఠశాలలకు ఒక సలహాదారు ఉండాలి, బడులు తిరుగుతూ పిల్లలతో మాట్లాడాలి. అరవై ఏళ్లయింది. రాష్ట్రంలో ప్రభుత్వ, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలు సుమారు నాలుగున్నర వేలు అనుకుంటే కావలసింది నాలుగు వందల యాభై పోస్టులు. డబ్బు లేదనకండి. 65 ఐటీఐలను అధునాతన కేంద్రాలుగా మార్చడానికి 2024లో 2,324 కోట్ల ప్రాజెక్టు మొదలుపెట్టారు. మంచిదే. ఆ కేంద్రాల్లోకి పిల్లల్ని ఎవరు పంపుతారు? పది ఫెయిలైనవాడి గమ్యం ఐటీఐ అన్న ముద్రను రోబో యంత్రాలు చెరపవు, తొమ్మిదో తరగతిలోనే పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి చూపించే మనిషి చెరుపుతాడు. సాహసం చేయలేని నేల కాదిది. గురుకుల విద్య 1971లో మొదలైంది ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేల్‌లోనే. అప్పుడు ఒక్క ఊళ్లో మొదలుపెట్టారు, ఇప్పుడు ఒక్క మండలంలోనైనా మొదలుపెట్టలేరా?

మన ముఖ్యమంత్రి పాలమూరు బిడ్డ. నైపుణ్యం, యువత అన్న మాటలు లేకుండా ఆయన ప్రసంగం సాగదు. అయినా ఈ మాటలకూ, నూటికి నలభై మంది తప్పిన ఆ లెక్కకూ మధ్య జీతమిచ్చి పెట్టిన మనిషి ఒక్కడూ లేడు. సదస్సు ఫొటో మర్నాడు జిల్లా పేజీలో వస్తుంది, ఫ్లెక్సీ ఎవరి కొట్టం మీదో కప్పుగా మారుతుంది, చార్టు కిరాణా కొట్లో పొట్లమవుతుంది. వచ్చే జనవరిలో దేవరకొండలోనో కోస్గిలోనో పదో తరగతి పిల్లవాడి ఇంటి తలుపు పీఆర్వో తడతాడు. అతనికంటే ముందు ప్రభుత్వం తరఫున ఆ తలుపు తట్టేది ఎవరో విద్యాశాఖ పేరుతో సహా చెప్పాలి.