ఈల వేస్తే తప్పేమిటి?

"ఇంట్లో ఈల వేస్తావా? ఇదేం పాడు అలవాటు!" ఈ మందలింపు మీలో చాలామంది వినే ఉంటారు. ఆడపిల్లలైతే మరో రెండు మాటలు ఎక్కువే విని ఉంటారు. రాత్రివేళ అయితే "పాములొస్తాయి" అనే బెదిరింపు కూడా తోడవుతుంది. ఇందులో నిజమెంత?

పాముకు బయటి చెవులు లేవు. నేల అదురునూ, గాలిలో వచ్చే తక్కువ పౌనఃపున్యం గల ధ్వనులనూ మాత్రమే అది బాగా గ్రహించగలదు. మన ఈల సాధారణంగా సెకనుకు 1000 కంపనాలకు పైమాటే. కాబట్టి ఈల విని పాము వస్తుందనడం వట్టి భయం.

ఈలకున్న అసలు శక్తి వేరు. మనం మాట్లాడినప్పుడు ధ్వనిశక్తి అనేక పౌనఃపున్యాలలోకి చెదిరిపోతుంది. ఈలలో అది దాదాపు ఒకేచోట చేరుతుంది. పైగా మన చెవి చురుగ్గా పట్టుకునే ధ్వనులకు అది దగ్గరగా ఉంటుంది. అందుకే కేక అందని చోటికి ఈల అందుతుంది.

స్పెయిన్‌కు చెందిన కేనరీ దీవులలో లా గొమేరా అనే కొండల దీవి ఉంది. అక్కడివారు లోయకు ఈ వైపు నుంచి ఆ వైపుకు స్పానిష్ మాటలనే ఈలగా మార్చి పంపుతారు. రోడ్లు, టెలిఫోన్లు వచ్చాక ఈ విద్య అంతరించబోయింది. 1999 నుంచి అక్కడి బడులలో దీన్ని తప్పనిసరి పాఠం చేశారు. 2009లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. మన రంగస్థలం మీద కూడా కల్యాణం రఘురామయ్యగారు (1901–1975) ఈలతో పద్యాలు పలికించి "ఈలపాట రఘురామయ్య"గా పేరు పొందారు.

మరి ఈలకు చెడ్డపేరెందుకు వచ్చింది? దారినపోయే ఆడపిల్లలను చూసి ఈల వేసే ఆకతాయిల వల్ల! ఆ తప్పు వేసినవాడిదే గాని ఈలది కాదు గదా! ఆ తప్పు చూపి ఆడపిల్లలనే ఈల వేయవద్దనడం ఏం న్యాయం?

వరదలోనో, కూలిన గోడల కిందనో చిక్కుకున్నవారికి అరిచి అరిచి గొంతు పోతుంది. ఊపిరి ఉంటే చాలు, ఊదే ఈల మోగుతుంది. ఓడలలోని లైఫ్ జాకెట్లకు ఈల కట్టి ఉంచేది ఇందుకే.

కాబట్టి అబ్బాయిలూ, అమ్మాయిలూ! ఈల వేయడం నేర్చుకోండి. పుస్తకాల సంచిలో ఒక చిన్న ఈల కూడా ఉంచుకోండి. ఎవరినీ వేధించడానికి మాత్రం వాడకండి. ఆపదలో ఎక్కడైనా ఈల వినిపిస్తే, "ఎవడో ఆకతాయి" అనుకోకుండా అటు పరుగెత్తండి.