ఇల్లు నచ్చింది సరే, కాగితం ఎవరి పేరున?

మన తెలుగువాళ్ళం ఏ ఊళ్ళో రెండేళ్ళు కాపురం ఉన్నా, మూడో ఏడు వేసే ప్రశ్న ఒకటే: "ఇక్కడ గజం ఎంతుంది?" అద్దె కట్టినప్పుడల్లా డబ్బు బూడిదలో పోసినట్టు మనసు గింజుకుంటుంది. ఉద్యోగాల మీద ఇండోనేషియా వచ్చి జకార్తాలో ఉంటున్న మన కుటుంబాల్లోనూ ఇదే చర్చ. "పిల్లలు అలవాటు పడ్డారు, ఊరు బాగుంది, ఓ ఇల్లు కొనేస్తే పోలా?" అని మగవాళ్ళు హాల్లో మాట్లాడుకుంటుంటే, ఆడవాళ్ళం వంటింట్లో టీ పెడుతుంటాం. ఆ మాటలు జరిగేటప్పుడు మనమూ హాల్లో కూర్చోవాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ఉత్తర జకార్తాలోని కెలాపా గాడింగ్‌నే తీసుకుందాం. ఆ పేరుకి దంతం రంగు కొబ్బరికాయ అని అర్థం. 1970లలో అక్కడ చిత్తడి నేలలు, వరి చేలు ఉండేవి. ఇప్పుడు వెడల్పాటి రోడ్లు, గేటు పెట్టిన వీధులు, పెద్ద మాల్, లెక్కలేనన్ని తిండి కొట్లు. రోడ్డు వెంట వరసగా 'రుకో'లు కనిపిస్తాయి: కింద దుకాణం, పైన ఇల్లు. మన పాత బజారు వీధుల్లో శెట్టిగారి ఇల్లు ఉన్నట్టే. పసార్ మండిరి అనే మార్కెట్టుకి పొద్దున్నే వెళ్తే వంకాయలు, పచ్చి కొబ్బరి, చింతపండు, అన్నీ దొరుకుతాయి. 2019 డిసెంబరు నుంచి ఎల్ఆర్‌టీ రైలు కూడా నడుస్తోంది. సంసారం చేసుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? ఉండటానికి చక్కటి చోటు. అందులో నాకు రెండో మాట లేదు.

కానీ ఉండటం వేరు, డబ్బు పెట్టడం వేరు. ఇల్లు ఉండటానికి బాగుందా అన్నది కళ్ళకి కనిపిస్తుంది. కొనడానికి బాగుందా అన్నది కంటికి కనిపించని రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి నీళ్ళు, రెండోది కాగితం.

ముందు నీళ్ళ సంగతి. జకార్తాకి వరదలు కొత్త కాదు. 2002, 2007, 2013, 2020 సంవత్సరాల్లో నగరం పెద్ద వరదలు చూసింది. కెలాపా గాడింగ్ పల్లపు ప్రాంతం. గట్టిగా వాన పడితే నీళ్ళు వాటంతట అవి పోవు, పంపులతో తోడాలి. పైగా దశాబ్దాలుగా భూగర్భ జలాలు తోడెయ్యడం వల్ల ఉత్తర జకార్తా నేల కుంగుతోంది. అలాగని ప్రతి వీధీ మునగదు. ఒక వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళుంటే, పక్క వీధిలో చెప్పులు తడవకపోవచ్చు. ఏ వీధి ఏదన్నది అమ్మకం కాగితాల్లో రాయరు.

మరి ఎవరు చెప్తారు? అక్కడి ఆడవాళ్ళు. ఇండోనేషియాలో ఆడవాళ్ళు 'అరిసాన్' అని నెలనెలా కలుస్తారు. అచ్చం మన చీటీల్లాంటిదే. అందరూ తలా కొంత వేస్తారు, ఎవరి పేరు వస్తే ఆ నెల డబ్బు వాళ్ళది. మన చీటీలో పాట ఉంటుంది, వాళ్ళది పేర్లు తీసే పద్ధతి. అందుకని తోపుడు ఉండదు, నష్టానికి పాడుకోవడమూ ఉండదు. డబ్బుతో పాటు అక్కడ కబుర్లూ చేతులు మారతాయి. పోయిన వానలకి ఎవరింట్లో ఫ్రిజ్ తేలింది, ఎవరు గచ్చు ఎత్తు పెంచుకున్నారు, ఎవరు ఇల్లు అమ్మేసి ఎందుకు వెళ్ళిపోయారు, అన్నీ తెలుస్తాయి. ఏ బ్రోకరూ చెప్పని మాటలు అవి. మనల్ని పిలిస్తే "భాష రాదు" అని మానెయ్యకుండా వెళ్ళి కూర్చుంటే చాలు, సగం ఇంటి పరిశోధన అయిపోయినట్టే.

ఇక కాగితం. మనకి ఇంటి కాగితం అంటే రిజిస్ట్రేషన్ అయిందా లేదా అన్నదే. అక్కడ హక్కుల్లోనే రకాలున్నాయి. 'హక్ మిలిక్' అంటే పూర్తి సొంతం. అది ఇండోనేషియా పౌరులకే. మనలాంటి విదేశీయులకి, అక్కడ ఉండే అనుమతి ఉంటే, 'హక్ పకాయ్' దొరుకుతుంది. అంటే వాడుకునే హక్కు. 2021 నాటి నిబంధనల ప్రకారం 30 ఏళ్ళు, ఆపైన 20, మళ్ళీ 30, మొత్తం కలిపి 80 ఏళ్ళు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మనం ఆ దేశం వదిలి వచ్చేస్తే ఏడాది లోపల ఆ హక్కు వేరేవాళ్ళకి ఇచ్చెయ్యాలి. కంపెనీ బదిలీ చేస్తే ఆరునెలల్లో సామాన్లు సర్దుకునే కుటుంబాలకి ఆ ఏడాది గడువు ఎంత ఇరుకో ఆలోచించండి. తొందరలో ఉన్నవాడి ఇంటికి మంచి ధర ఎవరిస్తారు?

పైగా చవకగా కొందామన్నా కుదరదు. 2022లో పెట్టిన నియమం ప్రకారం జకార్తాలో విదేశీయులు కొనే ఇల్లు కనీసం 500 కోట్ల రుపయా ఉండాలి, అపార్ట్‌మెంట్ అయితే 300 కోట్లు. సున్నాలు చూసి కంగారు పడకండి, మన రూపాయల్లో ఇల్లు రెండున్నర కోట్లకు పైమాటే, అపార్ట్‌మెంట్ కోటిన్నరకు పైనే.

ఇక్కడే ఒక సలహా వినిపిస్తుంది: "ఏముంది, ఇక్కడి స్నేహితుడి పేరున కొని, మన మధ్య ఒక ఒప్పందం రాసుకుందాం." దయచేసి ఈ మాట దగ్గర ఆగండి. 1960 నాటి వాళ్ళ భూమి చట్టం 26వ సెక్షన్, భూమి హక్కును దొడ్డిదారిన విదేశీయుడికి దక్కించే ఏ లావాదేవీ అయినా చెల్లదంటుంది. భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు తిరిగి అడిగే దారి కూడా ఉండదు. ఆ స్నేహితుడు ఎంత మంచివాడైనా, రేపు ఆయన పిల్లలతో మన పిల్లలు ఏ కాగితం పట్టుకుని మాట్లాడతారు?

ఈ చట్టం అక్కడి ఆడవాళ్ళనీ వదల్లేదు. ఇకె ఫరీదా అనే ఇండోనేషియా న్యాయవాది జపాన్ దేశస్థుణ్ణి పెళ్ళి చేసుకున్నారు. 2012లో జకార్తాలో అపార్ట్‌మెంట్ కొనబోతే కుదరదన్నారు. పెళ్ళికి ముందు ఆస్తి ఒప్పందం రాసుకోలేదు కాబట్టి ఆమె కొన్నది భర్తకీ ఉమ్మడి ఆస్తి అవుతుంది, ఆయనేమో విదేశీయుడు. సొంత దేశంలో, సొంత డబ్బుతో కొనుక్కోవడానికి ఆమె రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్ళాల్సి వచ్చింది. 2016లో తీర్పు వచ్చింది: ఆస్తి ఒప్పందం పెళ్ళయ్యాక కూడా రాసుకోవచ్చని. ఒక్క స్త్రీ పట్టుదల వల్ల అదే ఇబ్బందిలో ఉన్న ఎందరికో దారి దొరికింది. లాయరు చదువు చదివిన ఆమెకే అంత పోరాటమైతే, "ఆయన చూసుకుంటారులే" అనుకునే మన సంగతేమిటి?

"అయితే జీవితాంతం అద్దె కట్టమంటావా?" అంటారు. బదిలీ ఉద్యోగం మీద ఉన్నన్నాళ్ళూ కట్టమనే అంటాను. అక్కడ ఏడాది, రెండేళ్ళ అద్దె ఒకేసారి ముందే అడుగుతారు. చేతిలోంచి అంత పోతుంటే మనసు చివుక్కుమంటుంది, నిజమే. కానీ ఆ అద్దెతో పిల్లల బడి దగ్గర ఇల్లు, మునగని వీధి, ఎప్పుడైనా కదలగల స్వేచ్ఛ వస్తున్నాయి. రుపయా విలువ మాటా గుర్తుంచుకోవాలి. 1997 మధ్యలో డాలరుకి సుమారు 2,400 ఉన్నది, 1998లో 15,000 దాటిపోయింది. ఇంటి ధర పెరిగినా, డబ్బు విలువ పడిపోతే మనకి మిగిలేది ఎంత?

అక్కడే స్థిరపడిపోదాం అనుకునేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు కొనుక్కోవచ్చు, కొనుక్కోవాలి కూడా. కానీ సంతకానికి ముందు ఇల్లాలు నాలుగు ప్రశ్నలు అడగాలి. ఇది ఏ రకం హక్కు, ఎన్నేళ్ళు మిగిలి ఉంది? సర్టిఫికెట్‌ని భూమి కార్యాలయంలో సరిచూశారా? ఈ వీధిలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి? రేపు ఆయనకి ఏమైనా అయితే ఈ ఇల్లు నాకు, పిల్లలకి ఎలా వస్తుంది?

నాలుగో ప్రశ్న అపశకునం అని మన ఇళ్ళలో నోరు నొక్కేస్తారు. భర్త పోయాక తెలియని దేశంలో, తెలియని భాషలో ఉన్న కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం కంటే పెద్ద అపశకునం ఏముంటుంది? అడగండమ్మా. జవాబు తెలియకపోతే, తెలిసేదాకా సంతకం ఆపండి.